నిరాకరణకు ఎదురునిలిచిన గొంతు: సెర్జ్ టాంకియన్, ఆర్మేనియన్ ప్రవాస చరిత్ర

లాస్ ఏంజెలెస్‌లో 1994లో ఏర్పడిన సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ అనే రాక్ బృందంలో నలుగురూ ఆర్మేనియన్ సంతతివారే కావడం యాదృచ్ఛికం కాదు. ఆ బృందపు ప్రధాన గాయకుడు సెర్జ్ టాంకియన్ రాజకీయ క్రియాశీలతను చాలామంది సంగీతానికి తోడైన వ్యాపకంగా చూస్తారు గాని, ఆయన కుటుంబ చరిత్రను వరుసగా చదివితే పాట, నిరసన ఒకే మూలం నుంచి వచ్చినట్లు స్పష్టమవుతుంది.

ఆర్మేనియన్ల ప్రవాసం ఇరవయ్యో శతాబ్దంలో మొదలైనది కాదు. వర్తకులుగా వారు ఇరాన్ మీదుగా భారతదేశానికి చాలాముందే చేరుకున్నారు. ప్రపంచంలో తొలి ఆర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో వెలువడింది మద్రాసు నగరంలోనే, హరుత్యున్ ష్మవోన్యన్ అనే మతగురువు సంపాదకత్వంలో. ఆ ప్రవాసంలో వర్తకుల ఇష్టానికి చోటుండేది, 1915 తర్వాతి ప్రవాసంలో అది లేదు. ఆ ఏడాది ఏప్రిల్ 24న ఒట్టోమన్ ప్రభుత్వం కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్‌లో) ఆర్మేనియన్ రచయితలను, ఉపాధ్యాయులను, నాయకులను నిర్బంధించింది. ఆపైన ఊళ్లకు ఊళ్లను సిరియా ఎడారి వైపు నడిపించగా, హత్యల వల్లా ఆకలి వల్లా పది లక్షల మందికి పైగా మరణించారని చరిత్రకారులు సాధారణంగా అంచనా వేస్తారు. అరెస్టయినవారిలో వేలాది జానపద గీతాలను సేకరించి స్వరలిపిలో భద్రపరచిన కోమితాస్ అనే మతగురువు కూడా ఉన్నారు; ఆయన ప్రాణాలతో బయటపడ్డారు గాని, మనసు చెదిరి, తిరిగి సంగీతం చేయలేక 1935లో పారిస్‌లో కన్నుమూశారు. ఒక జాతిని తుడిచిపెట్టాలనుకున్నవారి చేతికి దాని పాటలు దాచినవాడు కూడా చిక్కడం ఆ ఘోరం ఎంత లోతుకు వెళ్లిందో చెబుతుంది.

బతికి బయటపడ్డవారిలో ఎందరో లెబనాన్ చేరి, బేరూత్ పక్కన బూర్జ్ హమ్మూద్ వంటి పేటల్లో బడులూ చర్చిలూ కట్టుకున్నారు. టాంకియన్ తాత స్టెపాన్ హైతాయన్ ఆ మారణకాండను చిన్నతనంలో దాటి వచ్చినవారు. బేరూత్‌లో 1967లో పుట్టిన టాంకియన్ కుటుంబం, 1975లో లెబనాన్ అంతర్యుద్ధం రగలడంతో లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. అక్కడి ఆర్మేనియన్ పాఠశాలలో భాషతోపాటు 1915 చరిత్రనూ నేర్పేవారు.

ఇంట్లో తాత చెప్పినది నిజం. అయినా ఒట్టోమన్ సామ్రాజ్యానికి వారసురాలైన టర్కీ ఆ మారణకాండను జాతిహననంగా (ఒక జాతిని నిర్మూలించే ఉద్దేశంతో జరిపిన హత్యాకాండగా) ఒప్పుకోదు, టర్కీ సైనిక మిత్రత్వం అవసరమైన అమెరికా ప్రభుత్వమూ దశాబ్దాలపాటు ఆ మాటను దాటవేసింది. తాను పెరిగిన ప్రజాస్వామ్య దేశమే తెలిసిన సత్యాన్ని అవసరం కొద్దీ పక్కన పెడుతుంటే, అది పక్కన పెట్టిన ఇతర సత్యాలేమిటన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. టాంకియన్ క్రియాశీలతకు బీజం ఇదే. అందుకే 1998 నాటి తొలి ఆల్బమ్‌ను జాతిహననం మీది పాటతో ముగించిన బృందం, తర్వాతి ఆల్బమ్ ‘టాక్సిసిటీ’లో అమెరికా జైళ్ల విధానాన్ని ప్రశ్నించింది. అమెరికాపై 2001 సెప్టెంబరు ఉగ్రదాడులు జరిగిన కొద్ది రోజులకే చమురు రాజకీయాలను విమర్శిస్తూ టాంకియన్ వ్యాసం రాసి తీవ్ర వ్యతిరేకతను ఎదుర్కొన్నారు. మరుసటి ఏడాది గిటారిస్ట్ టామ్ మొరెల్లోతో కలిసి యాక్సిస్ ఆఫ్ జస్టిస్ అనే సంస్థను స్థాపించారు.

ఆ సంగీతంలో వారసత్వం మాటల్లోనే కాదు, స్వరాల్లోనూ ఉంది. హోరెత్తే మెటల్ గిటార్ల మధ్య తూర్పుదేశపు స్వరక్రమాలు వినిపిస్తాయి. ‘టాక్సిసిటీ’ చివర, జాబితాలో పేరు లేకుండా ఉంచిన భాగంలో, ఆర్టో తుంజ్‌బోయాజ్యన్ అనే వాద్యకారునితో కలిసి ఆర్మేనియన్ చర్చి ప్రార్థనాగీతపు స్వరాన్ని వినిపించారు.

మారణకాండకు నూరేళ్లు నిండిన సందర్భంలో, 2015 ఏప్రిల్ 23న ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లోని రిపబ్లిక్ స్క్వేర్‌లో బృందం ఉచిత కచేరీ చేసింది. మృతులను ఆర్మేనియన్ చర్చి పునీతులుగా ప్రకటించినదీ ఆ రోజే. అమెరికా కాంగ్రెస్ ఉభయ సభలు 2019లో జాతిహననాన్ని గుర్తించాయి, 2021 ఏప్రిల్ 24న అధ్యక్షుడు జో బైడెన్ అదే మాటను వాడారు. ఈలోగా 2020లో, అప్పట్లో ఆర్మేనియన్లు నివసించిన, అజర్‌బైజాన్‌తో వివాదంలో ఉన్న నాగోర్నో-కరబాఖ్ ప్రాంతంలో యుద్ధం రాగా, పదిహేనేళ్లుగా కొత్త పాట విడుదల చేయని బృందం రెండు పాటలు వెలువరించి, వచ్చిన సొమ్మును అక్కడి బాధితుల సహాయానికి పంపింది. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ సైనిక దాడి తర్వాత ఆ ప్రాంతం నుంచి లక్షమందికి పైగా ఆర్మేనియన్లు ఇళ్లు వదిలి ఆర్మేనియాకు తరలిపోయారు.