కటా: కరాటే విద్యలో సాధనక్రమము

జపాను దేశపు దక్షిణభాగమున నున్న ఒకినావా ద్వీపమున రూపొందిన కరాటే విద్యలో, ప్రతిద్వంద్విని మనసున భావించుకొని, నియతమైన క్రమమున అడుగులు వేయుచు, ముష్టిఘాతములను, పాదఘాతములను, వారణములను ఒంటరిగా ఆచరించు చలనమాలికకు కటా యని పేరు. మూలక్రియల యభ్యాసమగు కిహోన్, ఇరువురు తలపడు కుమితే అను తక్కిన యంగములు ఎంత ముఖ్యములైనను, సాధకుని యభివృద్ధికి కటాయే ఆధారమని ఒకినావా గురువులు విశ్వసించిరి; ఆ విశ్వాసము మిక్కిలి యుక్తమైనది.

కటాలను అనేకముగ నేర్చుట పూర్వము ఘనతగా నెంచబడలేదు. 1868లో ఒకినావాలోని షురిలో జన్మించి, 1922లో టోక్యోలో ఈ విద్యను ప్రదర్శించి జపాను ప్రధానభూభాగమున వ్యాప్తికి దెచ్చిన ఫునాకోషి గిచిన్, యౌవనమున అజాతో అంకో అను గురువుగారి పెరటిలో రాత్రివేళల ఒకే కటాను, గురువు మెచ్చువరకు, మాసముల తరబడి చేయుచుండెను. తెక్కీ యను మూడు కటాలకే పది సంవత్సరములు వెచ్చించితినని ఆయనయే వ్రాసియున్నాడు. తెక్కీలో ఎగురుటలు లేవు. మోకాళ్లు వంచి, పాదములు ఎడముగ నుంచి, ఒకే సరళరేఖపై కుడియెడమలకు జరుగుటయే కలదు. చూపరులకు రుచింపని ఈ కటాలో సాధకునకు లభించునది అపారము. ఆరంభమున వాని పిడికిలి భుజబలముతోనే కదలును. అనావశ్యకములైన కండరములు బిగిసి వేగమును హరించును. అడుగుల వరుస స్మరింప నక్కఱలేని స్థితి కలిగిన పిమ్మటనే, నేలను త్రొక్కిన పాదమునుండి నడుమునకు, నడుమునుండి పిడికిలికి బలము ప్రవహించుటను, తాకు క్షణమున మాత్రమే దేహము బిగియుటను, శ్వాస దానితో నేకమగుటను గమనించుటకు వాని మనసునకు తీరిక దొరకును.

ఫునాకోషికి మఱియొక గురువైన ఇతోసు అంకో 1908లో వ్రాసిన లేఖలో, దినమునకు ఒకటి రెండు గంటల చొప్పున మూడు నాలుగేండ్లు శ్రద్ధగా సాధన చేసినచో దేహము మారునని చెప్పి, మకివారాపై నూఱు, ఇన్నూఱు దెబ్బలు కొట్టుమని విధించెను. మకివారా యనగా నేలలో పాతి, పైభాగమున గడ్డిత్రాడు చుట్టిన పలక. అది కణుపులను గట్టిపఱచుటకే యని తలంచుట పొరపాటు. మణికట్టు వంగినను, నిలుకడ చెదరినను, దెబ్బ తగిలిన తోడనే అది తెలుపును.

ఒకినావాలోని నాహా పట్టణమున మియాగి చోజున్ మొదలగు గురువులు సాంచిన్ కటాకు ప్రాధాన్యమిచ్చిరి. అందు శిష్యుడు నెమ్మదిగ శ్వాసించుచు కదలుచుండగా, గురువు వాని భుజములను, తొడలను అరచేత చరచి దార్ఢ్యమును పరీక్షించును. కఱ్ఱపిడి తగిలించిన రాళ్లను త్రిప్పుటయు, కడవల మూతులను వ్రేళ్లతో పట్టి నడచుటయు అందులకు తోడ్పడు వ్యాయామములు.

పాఠశాలలలో బోధించుటకై ఇతోసు సులభతరములైన పినాన్ కటాలను కూర్చుటయు, జూడోను అనుసరించి ఫునాకోషి 1924లో బ్లాక్ బెల్టు నొసగుటయు విద్యను సామాన్యులకు చేరువ చేసెను. అయినను బెల్టుకొక కటా చొప్పున త్వరపడు అలవాటునకు తావేర్పడుట శోచనీయము. దీనికి విరుగుడు బుంకాయ్ అను అభ్యాసము. కటాలోని ప్రతి చలనమును సహాధ్యాయిపై ప్రయోగించి చూచినపుడు, వారణముగా నేర్చినది చేతిపట్టును విడిపించుకొను ఉపాయము గూడ నని తేటపడును. పిదప ఒంటరిగా ఆచరించునపుడు మోచేతి కోణమును, అడుగుల దూరమును సాధకుడు తానే దిద్దుకొనగలడు.