రాణీగంజ్‌లో ఒక ఇత్తడి బుష్

మా నాన్నగారి ప్రీమియర్ పద్మినికి గేరు పడటం మానేసింది. మూడు నుండి రెండుకు దించబోతే స్టీరింగు పక్కనున్న గేరు కడ్డీ గాలిలో ఊగుతుందే తప్ప లోపల దేనినీ పట్టుకోదు. ఆ కడ్డీకీ గేరుబాక్సుకూ నడుమ ఉన్న లింకులలో ఒకచోట బుష్ అరిగిపోయిందని మెకానిక్ తేల్చాడు. బొటనవేలి గోరంత వస్తువు. దానిని కాగితంలో చుట్టి జేబులో వేసుకొని మొన్న శనివారం నాడు సికింద్రాబాదు రాణీగంజ్‌కు వెళ్ళాను. కారు 1985 నాటిది. ఆ కారు తయారీ ఆగిపోయి దాదాపు పాతికేళ్ళయింది.

రాణీగంజ్ తెలియని వారికి ఒక మాట. టాంక్‌బండ్ దాటి సికింద్రాబాదులో అడుగు పెట్టగానే ఎదురయ్యే బజారు అది. ఒకప్పటి కింగ్స్‌వే, అంటే నేటి రాష్ట్రపతి రోడ్డు, ఒకప్పటి జేమ్స్ స్ట్రీట్, అంటే నేటి మహాత్మా గాంధీ రోడ్డు, ఆ చుట్టుపక్కలే. పంపుసెట్లు, బేరింగులు, బెల్టులు, నట్లూ బోల్టులూ, మోటారు విడిభాగాలు. పైన బోర్డు మీద ఏమి రాసి ఉన్నా లోపల మరొకటి కూడా దొరకడం ఆ బజారు గుణం. చిన్నతనంలో నాన్నగారి వెంట వెళ్ళినప్పుడు నాకు అదంతా గ్రీజు వాసన మాత్రమే. అది ఒక గ్రంథాలయమని చాలా ఆలస్యంగా గ్రహించాను.

విడిభాగం దొరకకపోవడమన్నది ఈ జంటనగరాలకు కొత్త సమస్య కాదు. నిజాం ప్రభుత్వ రైల్వే వారు 1932 జూన్ 15న 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టారు. నేటి ఆర్టీసీలకు మూలపురుషుడు అదే. ఆ బస్సులు స్కాట్లండులోని ఆల్బియన్ కంపెనీవి. కర్మాగారం గ్లాస్గోలో, బండి హైదరాబాదులో. ఒక ఇరుసు విరిగితే ఓడ మీద రావలసిందే. ఏడేళ్ళు తిరిగేసరికి రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. ఓడలూ, బ్రిటిషు కర్మాగారాలూ యుద్ధానికి అంకితమయ్యాయి. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ ఇక్కడ పుట్టడం కాకతాళీయం కాదనుకుంటాను. బయటి నుండి సామాను రానప్పుడే ఇంట్లో కొలిమి రాజుకుంటుంది. ఆల్విన్ వారు తరువాత బస్సుల బాడీలు కట్టారు, నగరపు డబుల్ డెక్కర్లతో సహా. ప్రాగా వారి కర్మాగారం కవాడిగూడలో, రాణీగంజ్ నుండి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది. యంత్రాలు చేసే యంత్రాలు వారి సరుకు. ఒక ఊళ్ళో మంచి టర్నర్లు ఉండాలంటే అటువంటి కర్మాగారాలు ఒక తరం పాటు ఉండాలి.

ఇక కార్ల సంగతి. జనరల్ మోటార్స్ వారు 1928లో బొంబాయి శివరీలో షెవ్రొలే బండ్లు బిగించడం మొదలుపెట్టారు. ఫోర్డు వారూ అదే కాలంలో మన దేశంలో దుకాణం తెరిచారు. విడిభాగాలన్నీ పెట్టెలలో వచ్చేవి, ఇక్కడ బిగింపు మాత్రమే. స్వాతంత్ర్యానంతరం 1953లో టారిఫ్ కమిషన్ ఒక మాట తేల్చి చెప్పింది: క్రమక్రమంగా ఇక్కడే తయారుచేసే పథకం ఉన్నవారు ఉండవచ్చు, ఊరికే బిగించి అమ్మేవారు వెళ్ళవచ్చు. రెండు కంపెనీలూ ఆ దరిమిలా తలుపులు మూసుకున్నాయి. అప్పటికి రోడ్డు మీదున్న షెవ్రొలేలూ ఫోర్డులూ ఏమయ్యాయన్నది చరిత్ర పుస్తకాలకు పట్టని విషయం. చాలా బండ్లు మరో ఇరవై, ముప్పై ఏళ్ళు నడిచాయి. పెళ్ళి ఊరేగింపులలో, టాక్సీలుగా, ఒకదాని ఎముక మరొకదానికి అతికించుకుంటూ. ఆనాటి మెకానిక్కుల పాండిత్యమంతా అక్కడే పుట్టింది.

తరువాతి కాలంలో మిగిలింది మూడే ఇళ్ళు: ఉత్తరపాడాలో హిందుస్థాన్, కుర్లాలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. లైసెన్సుల రాజ్యాన్ని మనం చాలా తిట్టుకున్నాము, తిట్టుకోదగినదే. బండి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపులు, మారని నమూనాలు. కాని దానికొక వింత ఫలితం ఉంది. ఇటలీలో ఫియట్ 1100 తయారీ 1969లో ముగిసిపోగా, కుర్లాలో దాని సంతానం మరో మూడు దశాబ్దాలు పుడుతూనే ఉంది. నమూనా మారదు కాబట్టి లుధియానాలోనో కోయంబత్తూరులోనో ఒక చిన్న కార్ఖానా ఒకసారి అచ్చు చేయించుకుంటే, ఆ అచ్చు తండ్రి చేతి నుండి కొడుకు చేతికి అందినా పనికివచ్చేది. కంపెనీ సామాను, డూప్లికేటు సామాను, లోకల్ సామాను అని మూడు తరగతులు కౌంటరు మీద పక్కపక్కన కూర్చొనేవి. "ఏది ఇమ్మంటారు?" అని అడిగేవారు, కాఫీ టీల మాదిరిగా.

అన్ని బండ్లకూ ఆ అదృష్టం పట్టలేదు. స్టాండర్డ్ వారు 1985లో ఇంగ్లండు రోవర్ కారు పోలికలతో స్టాండర్డ్ 2000 అనే పెద్ద బండిని తెచ్చారు. మూడేళ్ళకే, 1988లో, అది ఆగిపోయింది. తక్కువ బండ్లు, కాబట్టి వాటికోసం అచ్చు చేయించే కార్ఖానా లేదు. కొన్నవారి అవస్థ ఊహించుకోండి. ఇందులో అసలు విచిత్రం తరువాత జరిగింది. ఆ కంపెనీ ఆస్తుల అమ్మకం 2006 నాటికి పూర్తయినప్పుడు, గోదాములో వాడకుండా మిగిలిన రోవర్ విడిభాగాల నిల్వను ఇంగ్లండులోని రిమ్మర్ బ్రదర్స్ అనే విడిభాగాల వ్యాపారులు కొని పట్టుకుపోయారు. అక్కడ పాత రోవర్లను పెంచుకునేవారు ఉన్నారు మరి. మద్రాసులో చేసిన తలుపులూ రేకులూ ఇంగ్లండు కార్లకు అమరాయి. మనకు తుక్కు, వారికి నిధి.

అంబాసిడర్ తయారీ 2014 మే 24న ఆగింది. ఇక్కడ తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి తొమ్మిది రోజుల ముందు. ఆ హడావిడిలో మన పత్రికలు ఎంత స్థలమిచ్చాయో గుర్తు లేదు గాని, సచివాలయం ముందు తెల్లగా బారులు తీరిన ఆ బండ్లు లేకుండా మన ప్రభుత్వాన్ని ఊహించుకోవడం నా తరానికి కష్టం. అయినా అంబాసిడర్ యజమాని ఎవరూ ఆనాడు గుండెలు బాదుకోలేదు. అర్ధ శతాబ్దానికి పైగా ఒకే ఆకారం, ఒకే అడుగుభాగం. వాటి సామాను దేశమంతా చెల్లాచెదురుగా ఉంది.

అసలు గుండెలు బాదుకున్నది ఆ తరువాతి వారు. తొంభైలలో మళ్ళీ వచ్చిన ఆ రెండు కంపెనీలే మళ్ళీ వెళ్ళాయి. జనరల్ మోటార్స్ 2017 చివర మన దేశంలో అమ్మకాలు ఆపింది. ఫోర్డు 2021 సెప్టెంబరు 9న ఇక్కడ తయారీ విరమిస్తున్నట్లు ప్రకటించింది. సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామని ఇద్దరూ చెప్పారు. చెప్పడంలో తప్పు లేదు, కాని ఎంతకాలమన్నది చట్టం చెప్పాలి. మన దేశంలో పదేళ్ళు విడిభాగాలు ఇచ్చితీరాలనే చట్టం ఉన్నదని చాలామంది నమ్ముతారు. అది ఆనవాయితీ మాత్రమే, చట్టం కాదు.

ఏ సామాను ముందు మాయమవుతుందో రాణీగంజ్ వారికి బాగా తెలుసు. బ్రేకు ప్యాడ్లు, ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు ఎన్నడూ పోవు. అరిగేవాటికి గిరాకీ ఉంటుంది, గిరాకీ ఉన్నదానిని ఎవరో ఒకరు చేస్తారు. ఇంజను సామాను పోతుందా లేదా అన్నది చుట్టరికం మీద ఆధారపడుతుంది. ఫియట్ వారి 1.3 లీటర్ల డీజిల్ ఇంజనే తీసుకోండి. మారుతి స్విఫ్ట్‌లో అదే, టాటా విస్టాలో అదే, ఫియట్ పుంటోలో అదే, షెవ్రొలే సెయిల్‌లోనూ అదే. ఇంటిపేర్లు వేరు, రక్తం ఒకటి. సెయిల్ యజమాని కొట్లోకి వెళ్ళి స్విఫ్ట్ పేరు చెప్పి సామాను తెచ్చుకోగలగడం ఇందువల్లనే. ముందుగా పోయేవి రేకులు, అద్దాలు, దీపాలు, డాష్‌బోర్డు ముక్కలు. వాటిని అదిమే అచ్చులు బరువైనవి, ఖరీదైనవి, కంపెనీ సొత్తు. యాభై బంపర్ల కోసం ఎవరూ ఆ అచ్చును మళ్ళీ ప్రెస్సు మీదికి ఎక్కించరు. అన్నిటికంటే కఠినమైనది ఇంజనును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె. దానిని లేతు మిషను మీద చెక్కలేము. పాతబండి నుండి తీసి పెడితే తాళం చెవిని గుర్తుపట్టనంటుంది.

మా పక్కింటాయన, ఉద్యోగ విరమణ సొమ్ముతో కారు కొన్నవాడు, ఆ పెట్టె కోసం నాలుగు నెలలుగా తిరుగుతున్నాడు. కంపెనీ పేరు ఎందుకు లెండి. ఆయన కారు వయసు తొమ్మిదేళ్ళు. గోడ పక్కన గుడ్డ కప్పుకొని ఉంది. మా నలభై ఏళ్ళ ముసలిది దాని ముందు నుండి పోతుంటే నాకే మొహమాటంగా ఉంటుంది.

ఈ విషయంలో ఒక తీర్పు ఉన్నదని ఆయనకు చెప్పాను. 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. అసలు విడిభాగాలనూ, మరమ్మతుకు కావలసిన సమాచారాన్నీ బయటి బజారుకు అందకుండా బిగబట్టారన్నది అభియోగం. డిజైన్ల మీద హక్కు మాదన్న వాదనను కమిషన్ అంగీకరించలేదు. అప్పీళ్ళు నడిచాయి, అది వేరే కథ. 2022లో మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. పక్కింటాయన అంతా విని, "పోర్టల్ పెట్టెను ఇస్తుందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

సరే, నా బుష్. మొదటి కొట్లో కుర్రవాడు మర్యాదగానే పార్ట్ నంబరు అడిగాడు. కంప్యూటరులో పద్మిని అనే పేరే రాలేదు. నాలుగు కొట్లు దాటాక, గల్లీ లోపల, నాన్నగారు నన్ను తీసుకువెళ్ళిన కొట్టే అనుకుంటాను, పెద్దాయన ఒకరు కౌంటరు వెనుక పేపరు చదువుకుంటున్నారు. కాగితం విప్పి ముందు పెట్టాను. కళ్ళజోడు పైకి నెట్టి, "కాలమ్ గేరుది కదా సార్. రెండు రకాలొచ్చినయి దీనిల. మీది పాతది" అన్నారు. నిచ్చెన వేయించి అటక మీద వెతికించారు. డోర్ హ్యాండిళ్ళు దొరికాయి, త్రికోణపు అద్దం రబ్బరు దొరికింది, బుష్ దొరకలేదు.

"సేఠ్‌జీ, మరి ఏం చేయాలి?"

"ఏమున్నది, చేయించుకోండి. వెనక గల్లీల లేతు ఉన్నది. నైలాన్ వద్దు, ఇత్తడి పెట్టమనండి. నేను చెప్పిన్నని చెప్పండి."

ఆయన కొడుకులు ఏం చేస్తున్నారని అడిగాను. ఒకరు పుణెలో, ఒకరు కెనడాలో అట. ఈ అటక సంగతి ఎవరికి తెలుసు అని అడగబోయి ఊరుకున్నాను. అద్దం రబ్బరు మాత్రం అవసరం లేకపోయినా కొన్నాను. అరవై రూపాయలు.

లేతు మనిషి వయసు ముప్పై ఉంటుందేమో. వెర్నియర్‌తో కొలిచి, అరిగిన వైపును వదిలి అరగని అంచు కొలత తీసుకున్నాడు. "బండి ఏ మోడలన్నా?" అని అడిగితే చెప్పాను. ఆ బండిని తాను ఎక్కలేదట, సినిమాలో చూశాడట. ఇరవై నిమిషాలలో ఇత్తడి పొట్టు నేల మీద రాలింది. రెండు చేయించాను, ఒకటి ఎప్పటికైనా ఉంటుందని. రెండూ కలిపి మూడు వందలు తీసుకున్నాడు.

సాయంత్రం మెకానిక్ దానిని బిగించాడు. మూడు నుండి రెండుకు గేరు పడింది. రెండవ బుష్‌ను కాగితంలో చుట్టి, పైన తేదీ, కారు నంబరు, ఏ లింకుదో రాసి, రబ్బరుతో పాటు డాష్‌బోర్డు అరలో పెట్టాను. అక్కడ నాన్నగారి చేతిరాతతో ఉన్న పొట్లాలు ఇంకా మూడు ఉన్నాయి. వాటిలో ఒకటి ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.