అవ్వ

మన బంధువాచకములలో ‘అవ్వ’ యంత ప్రాచీనమును, అంత మెత్తనిదియు నగు పదము వేఱొకటి కలదని నేను తలంపను. ఇది సంస్కృతమునుండి దిగివచ్చినది కాదు. ద్రావిడభాషల ఉమ్మడి సొమ్ము. కన్నడమున ‘అవ్వ’ యనగా తల్లి; తమిళమున ‘అవ్వై’ తల్లియు, పూజ్యురాలగు వృద్ధయు; సంగమకాలపు కవయిత్రిని ‘అవ్వైయార్’ అని గౌరవించుట యిందువలననే. తెలంగాణమున పలుతావుల కన్నతల్లినే అవ్వ యందురు. మా రాయలసీమలో పలుచోట్ల ఆ పిలుపు తల్లిని గన్న తల్లికిని, తండ్రిని గన్న తల్లికిని భేదము లేక చెల్లును. స్త్రీలు విస్మయమున ‘అవ్వ!’ యని నోరు నొక్కికొనుటయు నీ పదముతోడనే.

మా అవ్వ తొంబదియేండ్లు పైబడి జీవించినది. ఉడికిన బియ్యములో రాగిపిండి పోసి, తెడ్డుతో కెలికి, తడిచేతులతో సంగటిని ముద్దచేసి, నడుమ బొటనవ్రేలితో గుంట నొత్తి, అందులో నేయి పోసి, ‘ఉడుకుడుకుగ తినురా, నాయినా’ యని నా ముందుంచిన యా చేయి, కంచమున మెతుకు మిగిలిన సహింపని యా చూపు, ఈ రెండక్షరములు చెవిసోకినంతనే నాకు సాక్షాత్కరించును. ‘అవ్వా కావలెను, బువ్వా కావలెను’ అను సామెత పేరాశను నిందించునది. మా యింట మాత్ర మా రెండును ఒక్కచోటనే లభించెడివి.

నేటి కథలపుస్తకములలో అవ్వ యనగా ఎవరో యొక ముసలమ్మ, బంధుత్వము జాఱిపోవుచున్నది. మీ యింటి పిలుపు అవ్వ యైనచో, పట్టణమునకు వచ్చితిమని దానిని పిల్లలచేత మాన్పింపకుడు.