ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి నుంచి మన కిరాయి అర్రల దాకా

ఓరుగల్లుకు బయటివాళ్ళు వచ్చి ఉండుడు కొత్త ముచ్చట కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లు వీధులను చూపించే క్రీడాభిరామంలో పూటకూళ్ళ ఇల్లు ఉంది. ఒక్క రూక ఇస్తే అన్నం, పప్పు, నెయ్యి, నాలుగైదు కూరలతో భోజనం. ఇట్ల వండిపెట్టి బతికిన ఆడవాళ్ళనే మన పెద్దలు పూటకూళ్ళమ్మ అన్నారు. తిన్నవాళ్ళ సంతోషం పుస్తకానికెక్కింది. వండినామె లాభనష్టం ఎక్కలేదు.

ఇప్పుడు మనమూ అదే పనిలో ఉన్నాం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. రెండేండ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం జాతర ఉండనే ఉంది. ఆ దారి పొంటి ఊర్లల్ల అర్రలు, వాకిండ్లు కిరాయికి ఇస్తున్నారు.

మా సంఘంల ఒక అక్క అప్పు తీసుకొని అర్ర, బాత్రూం కట్టించింది. పోయిన జాతరకు దిగినవాళ్ళు దోమల చక్రంతో పరుపు కాల్చిండ్రు, నల్లా విరగ్గొట్టిండ్రు. బంగారం (బెల్లం) కరిగి బండలన్నీ చీమలు. తెల్లారకముందే వెళ్ళిపోయిండ్రు. వచ్చిన కిరాయి రిపేరుకే చాల్లేదు, కిస్తు ఆగింది.

మీటింగుల మాటలు పడ్డయి. "చుట్టాల లెక్క వచ్చినోళ్ళను పైసలెట్ల అడుగుతం?" అని కొందరు. "కిస్తు కట్టేది చుట్టాలా?" అని కొందరు. చివరికి మన పంచసూత్రాలే దారి చూపినయి. అందులో పుస్తకాలు రాసుడు ఒకటి. పొదుపుకు రాస్తున్నప్పుడు అర్రకు ఎందుకు రాయొద్దు?

తీర్మానం ఇదీ: తాళం ఇచ్చే ముందు సామాను పట్టీ రాసి, ఫోన్ల ఫోటో తీసి, సంతకం తీసుకోవాలి. 500 రూపాయలు డిపాజిట్ పెట్టించుకోవాలి. పోయేటప్పుడు ఇద్దరూ కలిసి చూడాలి. వాడకంతో అరిగితే మనది, పగిలితే వాళ్ళది. ఇది మనం పుట్టించింది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా కిరాయిదారుకు ఇదే చెప్తది.

అక్కకు పోయిన పైసలు తిరిగి రాలేదు. సంఘం మూడు నెలలు గడువిచ్చింది, ఆమె కిస్తులన్నీ కట్టింది. మొన్న ఒక కుటుంబం బకెట్ పగలగొడితే, పట్టీ చూసి దాని ధర తీసుకొని మిగతాది వాపస్ ఇచ్చింది. లొల్లి కాలేదు. పోతూ పోతూ వాళ్ళే "మళ్ళొస్తం అక్కా" అన్నారు.

పూటకూళ్ళమ్మ లెక్క ఎవరూ రాయలేదు. మన లెక్క మనమే రాసుకుందాం.