వలస కాగితాలలోని మాటలు

మెట్ట పొలాలను నమ్ముకొన్న ఉదయగిరి, ఆత్మకూరు సీమలకు కరువు కొత్త కాదు. 1876–78 నాటి మహా కరువు నెల్లూరు జిల్లాను మిక్కిలి పీడించింది. ఆ కాలమున అనేకులు పొట్ట చేతపట్టుకొని ఊళ్లు విడిచారు. కొందరు సముద్రం దాటారు.

దక్షిణాఫ్రికాలోని నేటాల్ సీమకు 1860 నుండి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలు వెళ్ళారు. వీరిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. ఆ ఓడల జాబితాలు నేటికీ ఉన్నవి. అయితే అందలి మాటల అర్థం తెలియనిదే మనవారి జాడ దొరకదు.

మద్రాసు కాగితంలో 'ఎమిగ్రెంట్', అనగా దేశం విడిచినవాడు. డర్బన్ కాగితంలో 'ఇమిగ్రెంట్', అనగా దేశంలోనికి వచ్చినవాడు. మనిషి ఒక్కడే. అక్కడ ఇచ్చిన 'కలోనియల్ నంబరు' ముఖ్యమైనది. గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసిన పేరు కాగితం కాగితానికీ మారవచ్చును గాని, నంబరు మారదు.

'మద్రాసు' అని ఉంటే అది రేవు పేరు కావచ్చును. పుట్టిన ఊరు అనుకొనరాదు. 'జిల్లా' గడిలో 'నెల్లూరు' అని ఉన్నా జాగ్రత్త అవసరం. ఒంగోలు తాలూకా 1904 వరకు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970 వరకు నెల్లూరు జిల్లాలోనివే. ఆత్మకూరు అనే ఊళ్లు కర్నూలు, అనంతపురం సీమలలోనూ కలవు. కనుక జిల్లా, తాలూకా, గ్రామం మూడూ కలిపి చూడవలెను.

'కులము' గడిలో కొందరికి కులం పేరు, మరికొందరికి 'క్రిస్టియన్' అని కనబడుతుంది. 'ఫ్రీ ఇండియన్' అంటే స్వేచ్ఛగా వచ్చినవాడు కాదు. ఒప్పందపు గడువు తీరినవాడు. సొంత ఖర్చుతో వెళ్ళినవాడు 'పాసెంజర్ ఇండియన్'. 'శరీర గుర్తులు' అనే గడిలో మచ్చలు, పుట్టుమచ్చలు వ్రాశారు. ఫోటో లేని మనిషిని గురించి మనకు మిగిలిన రూపరేఖ అదే.

ఆ తోటలలోని తెలుగు విశ్వాసుల సేవకై 1903లో నెల్లూరు సీమ నుండి రెవ. జాన్ రంగయ్య గారు నేటాల్ చేరారు. అనగా అక్కడి సంఘ చరిత్రకు, మన సంఘ చరిత్రకు బంధుత్వం కలదు.

ఓడ జాబితాలో ఒక పేరు, బాప్తిస్మపు రిజిస్టరులో మరొక పేరు ఉన్న మనిషి ఒకడే కావచ్చును. తండ్రి పేరు, గ్రామం సరిపోల్చితేనే అది తేలుతుంది. ఓడ కాగితం అక్కడ ఉన్నది. దానికి జత కాగితం మన గుడి పెట్టెలో ఉండవచ్చును. సంఘ పెద్దలారా, పాత రిజిస్టర్లను చెదలపాలు కానీయకండి. తాతల ఊరు వెదుక్కుంటూ వచ్చేవారికి అవే సాక్ష్యం.