పౌను గింజల నుంచి ఫోను దాకా

మీరు సూరత్‌లో ఉంటున్నారనుకోండి. నగరానికి దక్షిణపు కొసన, నవసారి వెళ్లే దారిలో ఉన్ అనే పేట ఉంది. అక్కడ ఒక గది అద్దెకు తీసుకున్నారు. నల్లగొండ నుంచో, వరంగల్ నుంచో, కరీంనగర్ నుంచో బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చి సూరత్‌లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలలో మీదీ ఒకటి. సాంచాల దగ్గర పన్నెండు గంటలు నిలబడి ఇంటికి వచ్చారు. కంచం ముందు కూర్చుని, సెల్‌ఫోను తీసి, 'అన్నం రెండు గిన్నెలు, కందిపప్పు ఒక గిన్నె' అని నమోదు చేశారు. తెర మీద వెంటనే అంకెలు కనిపించాయి: ఇన్ని కేలరీలు, ఇన్ని గ్రాముల మాంసకృత్తులు, ఇంత కొవ్వు.

ఆ అంకెలు ఎక్కడివి? మీ ఫోను మీ కంచాన్ని తూచలేదు, మీ పప్పును పరీక్షనాళికలో వేసి చూడలేదు. అది కేవలం ఒక పట్టికను తిరగేసింది. ఆ పట్టికకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఫోను చెప్పే అంకెను ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది.

కరువు కూలి లెక్క

మన తెలుగు నేల మీద జరిగిన ఒక తగవుతో మొదలుపెడదాం. 1876-78 మధ్య వచ్చిన ధాత కరువులో మద్రాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. జనం కంకర కొట్టి, మట్టి మోసి, ఆ కూలితో పొట్ట పోసుకోవాలి. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించాలని పట్టుబట్టాడు. అంతవరకు రోజుకు ఒకటిన్నర పౌన్ల గింజలకు సరిపడా ఇస్తున్న కూలిని ఒక పౌనుకు, పైన కొద్దిపాటి చిల్లరకు దించాడు. మద్రాసు ప్రభుత్వ శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని వ్యతిరేకించాడు. ఒళ్లు వంచి పనిచేసే మనిషికి ఒక పౌను చాలదని వాదించాడు. చివరికి అదే ఏడాది మే నెలలో కూలి పెంచవలసి వచ్చింది. ఈలోగా ఎన్నో ప్రాణాలు పోయాయి.

ఇప్పుడు మనం ఫోనులోని పట్టికతోనే ఆ తగవు తీర్చి చూద్దాం. ఒక పౌను అంటే సుమారు 454 గ్రాములు. నూరు గ్రాముల బియ్యం దాదాపు 350 కేలరీలు ఇస్తుంది. అంటే ఒక పౌనుకు ఇంచుమించు 1,600 కేలరీలు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం, 65 కిలోల బరువున్న పురుషుడు రాళ్లు కొట్టడం వంటి భారీ శ్రమ చేస్తే రోజుకు 3,470 కేలరీలు కావాలి. ఆనాటి బక్కచిక్కిన కూలీల బరువు ఇంకా తక్కువే ఉంటుంది. ఆ మేరకు తగ్గించి చూసినా కార్నిష్ మాటే నిలుస్తుంది. అంకె తప్పితే ఏమవుతుందో రాయలసీమ పల్లెలు అప్పుడే చూశాయి.

రాగి గదిలో మనిషి

కేలరీ అనేది వేడికి కొలత. అన్నానికి ఈ కొలతను పకడ్బందీగా వర్తింపజేసినవారిలో ముఖ్యుడు అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు విల్బర్ ఆట్‌వాటర్. 1890లలో ఆయన, భౌతిక శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ రోజా కలిసి కనెక్టికట్ రాష్ట్రంలోని మిడిల్‌టౌన్‌లో మనిషి పట్టేంత రాగి గదిని కట్టారు. ఒక మనిషిని రోజుల తరబడి అందులో ఉంచేవారు. అతడు తిన్నదీ, విసర్జించినదీ, వదిలిన గాలీ, ఒంటి నుంచి వెలువడిన వేడీ అన్నీ కొలిచేవారు. ఇటువంటి ప్రయోగాల ఫలితంగానే నేటికీ మనం వాడే సూత్రం వచ్చింది. మాంసకృత్తులు గ్రాముకు 4, పిండిపదార్థాలు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 కేలరీలు. (ఇక్కడ కేలరీ అంటే నిజానికి కిలోకేలరీ, వాడుకలో 'కిలో' జారిపోయింది.)

మరి కందిపప్పులో మాంసకృత్తులు ఎన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుంది? 1883లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యోహాన్ కెల్డాల్ ఒక ఉపాయం చూపాడు. పదార్థాన్ని గాఢ గంధకామ్లంలో మరిగించి, అందులోని నత్రజనిని కొలవాలి. మాంసకృత్తులలో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి, వచ్చిన అంకెను 6.25తో గుణిస్తే సరి. ఇక పాత పట్టికలలో పిండిపదార్థాన్ని నేరుగా కొలిచేవారే కాదు. నూరులోంచి నీరు, మాంసకృత్తులు, కొవ్వు, పీచు, బూడిద తీసివేస్తే మిగిలినదే పిండిపదార్థం! మీ ఫోనులో కనిపించే అంకె వెనుక ఇన్ని గుణకారాలు, తీసివేతలు ఉన్నాయి.

జైలు కూడు, మిల్లు కూడు

మళ్లీ నేతపని దగ్గరకు వద్దాం. బొంబాయి ప్రభుత్వ కార్మిక కార్యాలయం తరఫున ఫిండ్లే షిరాస్ అక్కడి కార్మిక కుటుంబాల ఖర్చులను పరిశీలించి, 1923లో నివేదిక ప్రకటించాడు. బట్టల మిల్లుల నగరంలో కార్మికులు ఎంత ధాన్యం తింటున్నారో లెక్క తీసి, దాన్ని కరువు నిబంధనలతోనూ, జైలు నిబంధనలతోనూ పోల్చాడు. తేలినదేమిటి? కార్మికులు కరువు నిబంధనలు అనుమతించే గరిష్ఠ పరిమాణంలో ధాన్యం తింటున్నారు. కానీ బొంబాయి జైళ్ల నిబంధనల ప్రకారం ఖైదీకి ఇవ్వవలసిన దానికన్నా అది తక్కువ! దేశానికి బట్ట నేసేవాడి కంచం కంటే ఖైదీ కంచమే నయమన్నమాట. తిండిని అంకెల్లోకి మార్చకపోతే ఈ సంగతి ఇంత సూటిగా బయటపడేది కాదు.

కూనూరు నుంచి తార్నాకకు

మన దేశపు పట్టిక పుట్టినది నీలగిరుల్లోని కూనూరులో. 1918లో రాబర్ట్ మెకారిసన్ అక్కడి పాశ్చర్ సంస్థలోని ఒకే ఒక గదిలో బెరిబెరి వ్యాధి మీద పరిశోధన మొదలుపెట్టాడు. మరపట్టిన పచ్చిబియ్యం తినే మన ఉత్తర సర్కారు జిల్లాల వారికి ఈ వ్యాధి కొత్తది కాదు. ఆ గదే క్రమంగా పోషకాహార పరిశోధనాశాల అయింది. 1935లో మెకారిసన్ తరువాత వచ్చిన డబ్ల్యు.ఆర్. అయ్‌క్రాయిడ్, భారతీయ ఆహార పదార్థాల పోషక విలువలనూ, సరైన భోజనం ఎలా కూర్చుకోవాలో అన్న వివరాలనూ కలిపి 1937లో ఒక చిన్న పుస్తకంగా తెచ్చాడు. అది 23వ హెల్త్ బులెటిన్. బెంగాల్ కరువుపై విచారణ జరిపిన సంఘంలో కూడా ఈయన సభ్యుడు.

ఆ పరిశోధనాశాల 1958లో హైదరాబాదుకు తరలింది; 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. తార్నాకలోని ఈ సంస్థ నుంచే 1971లో సి. గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ కొత్త పట్టికలు వెలువరించారు. 1989లో వాటిని సవరించారు. ఆ తరువాత దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి, అంగళ్ల నుంచి నమూనాలు తెచ్చి, 528 ఆహార పదార్థాలను మళ్లీ మొదటి నుంచీ విశ్లేషించి, 2017లో భారతీయ ఆహార కూర్పు పట్టికలను ప్రచురించారు. 'న్యూట్రిఫై ఇండియా నౌ' అనే యాప్‌ను కూడా ఈ సంస్థే తెచ్చింది. కూనూరులోని ఆ గది మీ జేబులోకి వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

'నిన్న ఏం తిన్నారు?'

యాప్‌లో మీరు రోజూ చేసే నమోదు కూడా కొత్తదేమీ కాదు. 1972లో జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ ఏర్పడింది. దాని సిబ్బంది ఆంధ్రప్రదేశ్, గుజరాత్ సహా పలు రాష్ట్రాలలో ఇళ్లకు వెళ్లి, గడచిన ఇరవైనాలుగు గంటల్లో ఎవరు ఏం తిన్నారో అడిగేవారు. కొలత తెలిసిన గిన్నెలు, గరిటెలు చూపించి 'ఇంతా? ఇంకా ఎక్కువా?' అని తేల్చుకునేవారు. 2015లో ఆ సంస్థ మూతపడింది. ఆనాడు సిబ్బంది అడిగిన ప్రశ్ననే ఇప్పుడు ఫోను అడుగుతోంది. తేడా ఏమంటే, ఫోను దగ్గర మీ ఇంటి గిన్నె లేదు. 'ఒక గిన్నె' అని మీరు అన్నప్పుడు తనకు తెలిసిన గిన్నెనే అది ఊహించుకుంటుంది.

కేలరీ ఇంకో దారి కూడా పట్టింది. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన కార్యదళం గ్రామాల్లో తలకు 2,400, పట్టణాల్లో 2,100 కేలరీలు ఆధారంగా దారిద్ర్య రేఖ గీసింది. 2009లో టెండూల్కర్ సంఘం ఆ ఆధారాన్ని వదిలివేసింది. అమెరికాలో మాత్రం 1918లోనే లులు హంట్ పీటర్స్ అనే వైద్యురాలు ఒళ్లు తగ్గడానికి కేలరీలు లెక్కపెట్టమంటూ పుస్తకం రాసి ప్రసిద్ధురాలైంది. ఇక్కడ పేదవాడికి కనీసం ఎంత కావాలని అడిగిన అంకె, అక్కడ కలిగినవారు ఎంత మానుకోవాలో చెప్పసాగింది. నేటి యాప్‌లలో చాలావాటికి ఈ రెండవ ధోరణే వారసత్వంగా వచ్చింది.

మూడు జాగ్రత్తలు

ఇప్పుడు మళ్లీ ఉన్‌లోని మీ గదికి వద్దాం. ఈ చరిత్ర మీకు మూడు జాగ్రత్తలు చెబుతుంది.

మొదటిది, పచ్చిదా వండినదా అన్నది చూసుకోండి. ప్రయోగశాల పట్టికలు ఎక్కువగా వండని పదార్థాలకు చెందినవి. నూరు గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటే, నూరు గ్రాముల అన్నంలో సుమారు 130 మాత్రమే, మిగిలినది నీరు. మూడు వందల గ్రాముల అన్నం తిని పొరపాటున 'బియ్యం' అని నొక్కితే, 390 కేలరీలు కాస్తా 1,050 అవుతాయి. 'ఈ పూటకు చాలా ఎక్కువైంది' అని ఫోను హెచ్చరిస్తుంది. మీరు నమ్మి రాత్రి పస్తుంటారు.

రెండవది, శ్రమను సరిగా నమోదు చేయండి. వైద్య పరిశోధన మండలి వర్గీకరణలో నేతపని మధ్యస్థ శ్రమ. 65 కిలోల పురుషుడికి కూర్చుని చేసే పనికి 2,110, మధ్యస్థ శ్రమకు 2,710 కేలరీలు కావాలి. 55 కిలోల స్త్రీకి ఇవే 1,660, 2,130. కూర్చుని చేసే పని అని నమోదైతే, సాంచా నడిపే మనిషికి రోజుకు 600 కేలరీలు కోత పడుతుంది. అది సుమారు 170 గ్రాముల బియ్యం. టెంపుల్ చేసిన కోత కూడా అర పౌనే, అంటే 227 గ్రాములు!

మూడవది, పట్టికలోని అంకె సగటు మాత్రమే. నేల, వంగడం, మరపట్టిన తీరు, వండిన పద్ధతి మారితే విలువలూ మారతాయి. కాబట్టి రోజువారీ అంకె కన్నా వారాల తరబడి కనిపించే పోకడను చూడండి. పప్పు తగ్గుతోందా? ఆకుకూర కనబడి ఎన్నాళ్లయింది? ఇటువంటి ప్రశ్నలకు యాప్ చక్కగా పనికివస్తుంది. చక్కెర జబ్బు ఉన్నవారు, గర్భిణులు, ఎదిగే పిల్లల విషయంలో మాత్రం అంకెను పట్టుకుని సొంతంగా తిండి తగ్గించకుండా వైద్యుని సలహా తీసుకోవాలి.

కరువు కూలీని తన తిండి చాలుతోందా అని అప్పట్లో ఎవరూ అడగలేదు. లెక్క వేసేవాడు ఒకడు, ఆకలితో ఉండేవాడు మరొకడు. ఇవాళ ఆ రెండు పనులూ ఒకే మనిషి చేతికి వచ్చాయి. ఈసారి ఫోను 'ఎక్కువ తిన్నారు' అన్నప్పుడు, గిన్నెనూ, శ్రమనూ, మీ ఆకలినీ ఒకసారి సరిచూసుకుని ఆ తరువాతే దాని మాట వినండి.