సొంత ప్రతి, అద్దె సినిమా

అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీలకు సినిమాలు ఎలా ఎంచుకుంటామో చెప్పే ఒక విధాన పత్రం ఉంటుంది. సమీక్షలు చూస్తాం, అవార్డులు చూస్తాం, ఊరి జనం ఏమడుగుతున్నారో చూస్తాం, ఒక వర్గానికి గిట్టనంత మాత్రాన దేన్నీ తీసెయ్యం అని అందులో రాసి ఉంటుంది. ఆ మాటల్లో అబద్ధం లేదు. కానీ అక్కడి లైబ్రరీల్లో సినిమా చరిత్ర తిరగేస్తే, ఆ పత్రం కన్నా గట్టిగా పనిచేసిన సంగతి మరొకటి కనిపిస్తుంది. అది సినిమా ప్రతి ఎవరి సొత్తు అన్నది. రీలునో క్యాసెట్టునో డిస్కునో కొని బీరువాలో పెట్టుకున్నంతకాలం ఎంపిక లైబ్రరీదే. తప్పు చేసినా ఒప్పు చేసినా దానిదే. అద్దెకు తెచ్చుకోవడం మొదలయ్యాక విధాన పత్రంలో ఒక్క అక్షరం మారకుండానే ఆ పని చేతులు మారింది.

రీళ్ల కాలం నుంచి చూడాలి. సినిమా హాళ్లలో ఆడే 35 మిల్లీమీటర్ల ఫిల్ము అప్పట్లో నైట్రేటుతో తయారయ్యేది. ఒకసారి అంటుకుంటే ఆర్పడం గగనం. పుస్తకాల మధ్య అలాంటి సరుకును ఏ లైబ్రేరియనూ పెట్టనివ్వడు. 1923లో కొడాక్ కంపెనీ 16 మిల్లీమీటర్ల సేఫ్టీ ఫిల్ము తెచ్చాక ఆ భయం తీరింది. అయితే పని ఊపందుకున్నది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. 1947లో కార్నెగీ కార్పొరేషన్ ఇచ్చిన డబ్బుతో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఫిల్ములపై సలహాలిచ్చే విభాగాన్ని పెట్టుకుంది. మరుసటేడు క్లీవ్‌లాండ్ కేంద్రంగా ఒకటి, మిస్సోరి రాష్ట్ర లైబ్రరీ కేంద్రంగా ఒకటి ఫిల్మ్ సర్క్యూట్లు మొదలయ్యాయి. సొంతంగా రీళ్లు కొనలేని చిన్న ఊళ్లు కలిసి చందాలు వేసుకునేవి. పెట్టెడు రీళ్లు ఒక ఊళ్లో కొన్నాళ్లు ఆడి పక్క ఊరికి వెళ్లేవి. ఒక్క ప్రింటు డబ్బుతో బోలెడన్ని పుస్తకాలు వచ్చే రోజులవి. అందుకే పుస్తకాన్ని సమీక్ష చదివి కొనే లైబ్రేరియన్లు, ఫిల్మును మాత్రం కమిటీగా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూసి గానీ కొనేవారు కాదు. 1943లో పుట్టిన ఎడ్యుకేషనల్ ఫిల్మ్ లైబ్రరీ అసోసియేషన్ ఇందుకోసం మదింపు కార్డులు వేసేది, 1959 నుంచి ఏటా ఉత్సవం పెట్టి బ్లూ రిబ్బన్ బహుమతులిచ్చేది. ఇంకోపక్క పెద్ద కంపెనీలు తమ సరుకు గొప్పలు చెప్పే ఫిల్ములను ఉచితంగా పంచేవి. ఖాళీ బీరువా ఉన్న లైబ్రరీకి అది చిన్న ప్రలోభం కాదు.

కమిటీ చూపు ఇరుకైనదని ఒప్పుకోవాలి. జనం టికెట్టు కొనుక్కుని చూసే కథాచిత్రాలు ఆ బీరువాల్లోకి రావడం అరుదు. వచ్చినవి పాఠాలు, ప్రయాణాలు, ఆరోగ్య సూత్రాలు. అయినా ఆ ఇరుకు దారిలోనే లామొరిస్ ‘ది రెడ్ బెలూన్’, కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో నార్మన్ మెక్‌లారెన్ తీసిన ‘నైబర్స్’ లాంటివి ఊరూరా తిరిగాయి. 1958లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ డానెల్ శాఖలో ఫిల్మ్ లైబ్రరీ తెరిచింది. ఎదురుగానే మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్. ప్రయోగాత్మక చిత్రాలకు, స్వతంత్ర డాక్యుమెంటరీలకు ఆ లైబ్రరీ ఇచ్చిన చోటు అప్పట్లో సినిమా హాళ్లు పెద్దగా ఇవ్వలేదు. సొంత ప్రతి ఉన్నంత మాత్రాన అంతా దక్కినట్టని కూడా అనలేం. ‘నైబర్స్’లో పొరుగువాళ్లిద్దరూ ఒకరి భార్యాబిడ్డలను ఒకరు చంపే దృశ్యాన్ని ప్రేక్షకులు తట్టుకోలేరని మొదట కోసేశారు. వియత్నాం యుద్ధం నాటికి అభిప్రాయాలు మారి మళ్లీ అతికించారు. అప్పటికే నెగెటివ్ పోయింది గనుక ఒక ప్రింటులో మిగిలిన ముక్క వాడాల్సి వచ్చింది. ఆ ముక్కను కాపాడింది కూడా ఎక్కడో బతికున్న ప్రతే.

సొంత ప్రతి విలువ తేలింది ఇల్లినాయ్‌లోని పియోరియా ఊళ్లో. 1950, 51లలో అక్కడి లైబ్రరీ దగ్గరున్న మూడు ఫిల్ములపై మాజీ సైనికుల సంఘం అమెరికన్ లీజియన్ అభ్యంతరం లేవదీసింది. వాటిలో ‘బ్రదర్‌హుడ్ ఆఫ్ మ్యాన్’ జాతులన్నీ ఒకటేనని చెప్పే బొమ్మల సినిమా. దానికి డబ్బు పెట్టింది ఆటో కార్మికుల యూనియన్, ఆధారం మానవశాస్త్రవేత్తలు రూత్ బెనెడిక్ట్, జీన్ వెల్ట్‌ఫిష్ రాసిన కరపత్రం, రచయితల్లో ఒకరు రింగ్ లార్డ్‌నర్ జూనియర్. అమెరికా కాంగ్రెస్ కమిటీ ప్రశ్నలకు జవాబివ్వనందుకు ఆయన 1950లో జైలుకెళ్లారు. కమ్యూనిస్టు భయం ముదిరిన ఆ రోజుల్లో అంత చాలు. మిగతా రెండు ‘బౌండరీ లైన్స్’, ‘పీపుల్స్ ఆఫ్ ది యు.ఎస్.ఎస్.ఆర్.’. సెన్సారుకు ఎదురుగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ చేసిన ‘లైబ్రరీ హక్కుల ప్రకటన’ పుస్తకాలకే గానీ ఫిల్ములకు వర్తించదన్న వాదన వచ్చింది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కౌన్సిల్ 1951 ఫిబ్రవరి 3న సమావేశమై, లైబ్రరీలు సేకరించే, వాడే అన్ని మాధ్యమాలకూ అది వర్తిస్తుందని తీర్మానించింది. అప్పటికి అమెరికా చట్టం దృష్టిలో సినిమా ఒక వ్యాపారం మాత్రమే. వాక్ స్వాతంత్ర్యం దానికి లేదని సుప్రీంకోర్టు 1915లో మ్యూచువల్ కేసులో అంది, ఆ మాట వెనక్కి తీసుకున్నది 1952లో. అంటే లైబ్రేరియన్లు కోర్టు కన్నా ఏడాది పైచిలుకు ముందే ఉన్నారు.

ఇక్కడ గెలిచింది సూత్రమే కదా, సొత్తు మాటెందుకు అని అడగొచ్చు. సూత్రం లేకపోతే పియోరియా లైబ్రరీకి అండ ఉండేది కాదు, నిజమే. కానీ ఆ సూత్రానికి పని కల్పించింది బీరువాలో ఉన్న మూడు ప్రింట్లు. వాటిని తీయించాలంటే ఎవరో ఒకరు పేరు పెట్టి అడగాలి, బోర్డు ముందుకు రావాలి, పత్రికల్లో రాయాలి. జవాబు చెప్పాల్సిన మనిషి కూడా ఊళ్లోనే ఉన్నాడు. తగవు నలుగురి ఎదుటా జరిగింది.

వీడియో క్యాసెట్టు ఈ సొత్తును ఇంకా గట్టిపరిచింది. 1977లో మాగ్నెటిక్ వీడియో అనే చిన్న సంస్థ ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ చిత్రాలు యాభైటిని క్యాసెట్లుగా అమ్మడం మొదలుపెట్టింది. చట్టబద్ధంగా కొన్న ప్రతిని కొన్నవాడు అమ్ముకోవచ్చు, అరువివ్వొచ్చు అనే నియమం 1976 కాపీరైట్ చట్టంలో ఉంది. దాంతో స్టూడియో అనుమతి అడగకుండానే లైబ్రరీలు ఇళ్లకు క్యాసెట్లు ఇచ్చాయి. తమ హాల్లో జనానికి వేసి చూపడానికి మాత్రం వేరే లైసెన్సు కావాలి. క్యాసెట్లు అరువివ్వడంపై లైబ్రేరియన్లలోనే గొణుగుడు బయల్దేరింది. వీధి చివరి వీడియో షాపుతో మనకు పోటీ ఎందుకు, హాలీవుడ్ హిట్లకు ప్రజల పన్ను డబ్బు ఎందుకు అని. డిటెక్టివ్ నవలలు కొనే చోట ఈ ప్రశ్న కాస్త వింతే. ధరలు కూడా తగ్గుతూ వచ్చాయి. అద్దె షాపుల కోసం ఎనభై డాలర్ల దాకా పలికే క్యాసెట్ల మధ్య 1987లో ‘టాప్ గన్’ 26.95 డాలర్లకే వచ్చింది. 1997లో డీవీడీలు వచ్చాక తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్ల లైబ్రరీల్లో మన సినిమాలు కూడా చేరాయి. తెలుగు రాని లైబ్రేరియన్ సరఫరాదారు జాబితానో సభ్యుల సిఫారసునో నమ్మాల్సిందే. ఆ ఎంపిక ఎంత గుడ్డిదైనా, కొన్న డిస్కు మాత్రం అరల్లో మిగిలేది.

స్ట్రీమింగ్‌తో లెక్క తిరగబడింది. 2008లో ఆస్ట్రేలియాలో పుట్టిన కనోపీ, అమెరికాలో మిడ్‌వెస్ట్ టేప్ సంస్థ నడిపే హూప్లా అనే సేవలు లైబ్రరీ కార్డు ఉన్నవాళ్లకు వేల సినిమాలు తెరిచి ఇచ్చాయి. ఒకరు చూసిన ప్రతిసారీ లైబ్రరీకి బిల్లు పడుతుంది. అంటే ఎంతమంది ఇష్టపడితే అంత నష్టం. 2019 జులై 1 నుంచి న్యూయార్క్, బ్రూక్లిన్, క్వీన్స్ లైబ్రరీలు మూడూ ఖర్చు భరించలేక కనోపీ ఆపేశాయి. ఆ రోజు ఏ ఒక్క సినిమా మంచిచెడ్డల మీదా తీర్పు జరగలేదు. మొత్తం జాబితా ఒక్కసారి పోయింది. ఏ కమిటీ కూడబెట్టగలిగిన దానికన్నా వెడల్పైన జాబితా ఇదని స్ట్రీమింగ్‌ను సమర్థించేవారి మాట. చిన్న ఊరి మనిషికి ఇరాన్ సినిమా అర్ధరాత్రి కూడా దొరుకుతోంది, క్యాసెట్టు అరిగే గొడవ లేదు. ఈ లాభాన్ని నేను తీసిపారెయ్యను. రీళ్ల కమిటీల పక్షపాతం కన్నా ఇది చాలామందికి మేలే. అయితే ఆ వెడల్పును పేర్చింది సరఫరాదారు, ఎంతకాలం ఉంటుందో తేల్చేది హక్కుల ఒప్పందం. గడువు తీరి మాయమైన సినిమా గురించి ఊళ్లో ఎవరినీ నిలదీయలేం. పియోరియాలో జరిగిన తగవు ఇక్కడ జరిగే వీల్లేదు.

ఈ మార్పులో మరో మెట్టు కూడా వచ్చేసింది. చందా వేదికలు సొంతంగా నిర్మించే చిత్రాల్లో చాలావాటికి డిస్కు రాదు, లైబ్రరీ సేవలకూ అవి ఇవ్వరు. నెట్‌ఫ్లిక్స్ తన డీవీడీ అద్దె వ్యాపారాన్నే 2023 సెప్టెంబరులో మూసేసింది. లైబ్రరీ కమిటీ అలాంటి చిత్రాన్ని బాగుందనీ కొనలేదు, బాగోలేదనీ తిరస్కరించలేదు. దాని ముందుకు అది రానే రాదు.